ఝాన్సీలక్ష్మి రెండో పెళ్ళి, మొదటి మొగుడి పొలం

హామిల్టన్‌లో ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైన ఝాన్సీలక్ష్మికి అరవై దాటాక మళ్ళీ పెళ్ళి కుదిరింది. కుదిర్చింది ఒక పాత పరుపు.

ఇండియా నుంచి విద్యార్థులు విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఆమె ఇంటి బేస్‌మెంట్లోనూ తెలుగు అమ్మాయిలు అద్దెకుండేవారు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఊరికే ఇస్తామన్న పరుపును వాళ్ళ కోసం తేబోతే, దాని అవతలి కొస పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. రిటైర్డ్ ప్రొఫెసర్ పాండురంగ. భార్య పోయి చాలా కాలమైంది. ఆయనా తన ఇంట్లో అద్దెకున్న కుర్రాళ్ళ కోసమే వచ్చాడు.

"ముందు నేను పట్టుకున్నానండీ," అన్నాడాయన.

"పట్టుకుంటే చాలదండీ, మొయ్యాలి. మీ నడుం ఒప్పుకుంటుందా?"

ఇద్దరూ మోసి ఆమె ఇంటికే చేర్చారు. ఆయన టీ తాగి వెళ్ళాడు. మర్నాడూ టీకి వచ్చాడు. ఏడాది తిరక్కుండానే పెళ్ళి మాట వచ్చింది.

కబురు తెలియగానే తెనాలి నుంచి మరిది జయదేవ్ ఫోన్ చేశాడు. ఆమె మొదటి భర్త కేశవరావుకి తండ్రి పంచి ఇచ్చిన మూడెకరాల మాగాణిని, అన్న పోయాక అతనే సాగు చేసుకుంటున్నాడు.

"శుభం వదినా. కాకపోతే, మళ్ళీ పెళ్ళంటే ఇక మీరు మా ఇంటి కోడలు కానట్టేగా. పొలం మీద హక్కు పోతుందట. ఓ సంతకం పెట్టి పంపేయండి, మీకెందుకీ తలనొప్పి."

ఆ 'కానట్టే' ఆమెకు చురుక్కుమంది. మంచాన పడ్డ కేశవరావుకి ఒక్కతే గంజి పట్టిన రోజుల్లో ఆ మాట ఎవరూ అనలేదు. కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, గుంటూరులో లాయరుగా ఉన్న చిన్ననాటి స్నేహితురాలు మీనాక్షికి ఫోన్ చేసింది.

మీనాక్షి పకపకా నవ్వింది. "ఆయన పోయిన రోజే అది నీదైపోయిందే! వీలునామా లేదు, పిల్లల్లేరు, మీ అత్తగారు అంతకుముందే పోయారు. ఇంక వాటాకెవరొస్తారు? ఒకసారి నీకు వచ్చింది, నువ్వు పెళ్ళి చేసుకున్నంత మాత్రాన వెనక్కి పోదు."

ఝాన్సీలక్ష్మి మరిదికి ఫోన్ కలిపింది. "సంతకం పెడతానయ్యా జయదేవ్. పెళ్ళయ్యాక మేమిద్దరం వస్తాం. పొలం నా పేరుకి మార్చే కాగితాల మీద పెడతాను."

"ఆయనకి... వ్యవసాయం వచ్చా వదినా?"

"కుండీలో పుదీనా కూడా బతకదు ఆయన చేతిలో. పొలం నువ్వే చెయ్యి. కౌలు మాత్రం నాకియ్యి."

బేస్‌మెంటు అమ్మాయిలు ఆడపెళ్ళివారు, ప్రొఫెసర్ గారింటి కుర్రాళ్ళు మగపెళ్ళివారు అయి, వాళ్ళకి వాళ్ళే మర్యాదలు తక్కువయ్యాయని అలిగి మరీ పెళ్ళి జరిపించారు.

ఫిబ్రవరిలో తెనాలి వెళ్ళారు. పొలం ఆమె పేరుకి మారింది. చూసొద్దామని బయల్దేరితే పాండురంగ పంటకాలువ దాటబోయి జారి మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డాడు. గట్టు మీది జయదేవ్‌కి ఆయన్ని ఏమని పిలవాలో తోచలేదు. అన్నయ్యా అనడానికి నోరు రాదు, బావగారూ అంటే వరస తప్పుతుంది.

"మాస్టారూ, చెయ్యి ఇవ్వండి!" అని అరిచాడు చివరికి.

ఆ ఇంట్లో అందరికీ ఆయన మాస్టారే అయిపోయాడు.