రిపోర్టక్కకు నచ్చని తెర

మా స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేసే ఆవిడను అందరం రిపోర్టక్క అంటాం. నేను కౌంటర్లో కూర్చుంటాను, ఆమె నా వెనక గదిలో. మధ్యలో అద్దం తలుపు ఉంది, అదీ సరిగా పడి చావదు. అందుకే ఆమె గొణుగుడంతా నా చెవిలోనే పడుతుంది.

అక్క నలభై దాటిన మనిషి, పెళ్లి కాలేదు. తమ్ముడి ఇంట్లో ముందు గది ఆమెది. అందరూ టీవీ చూసి లేచాకే ఆమెకు పడక. మరదలు చెడ్డదేం కాదు. కానీ "ఇవాళ ఎలా గడిచింది" అని అడిగే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

రిపోర్టుల గదిలో కంప్యూటర్ ఒకటే, మనుషులు ఇద్దరు. పగలు అక్క, సాయంత్రం నుంచి ఒక పెద్దమనిషి. ఆయన్ను సాయంత్రం సార్ అంటాం. భార్య పోయి చాలాకాలమైంది, మాటలు బహు పొదుపు. ఇద్దరూ కలిసేది కుర్చీ మారేంత సేపే. ఆమె లేచేది, ఆయన కూర్చునేవాడు.

కానీ తెర మీద వాళ్లకో పద్ధతి ఉండేది. అప్పట్లో ఇద్దరికీ ఒకటే పాస్‌వర్డు. పూర్తయిన రిపోర్టులు ఎడమ అంచున, సగంలో ఉన్నవి మధ్యలో, తొందరవి కింద గడియారం పక్కన. చూడగానే ఒకరి పని ఒకరికి తెలిసిపోవాలి. ఒకసారి అక్క కళ్లు మండుతున్నాయంటే, ఆ మాట నేనే ఆయన చెవిన వేశాను. మర్నాటికి తెర లేత ఆకుపచ్చగా మారింది, అక్షరాలు పెద్దవయ్యాయి. అప్పటినుంచి అక్క ఐకాన్లన్నీ తీర్చిదిద్ది మరీ లేచేది. పొద్దున అవి చెల్లాచెదురుగా కనిపిస్తే, "ఆయనకు ఒంట్లో బాగున్నట్టు లేదే" అనేది. అడగొచ్చు కదా అంటే, "మనకెందుకులే" అనేది. ఎందుకో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

అంతలో కొత్త సిస్టమ్ వచ్చిపడింది. స్టార్ట్ బటన్ మాయం. తెరిస్తే చాలు, పిల్లల ఆటసామాను పరిచినట్టు తెరనిండా రంగురంగుల గడులు. దాన్ని తిట్టని మనిషి లేడు. పైగా ఎవరి పాస్‌వర్డు వారికి, ఎవరి తెర వారికి.

"ఉన్నదాన్ని చెడగొట్టడానికి జీతాలిచ్చి పెట్టుకుంటారు కాబోలు మనుషుల్ని," అంది అక్క. కంప్యూటర్ మెకానిక్ కనిపిస్తే చాలు, వెంటపడేది. "పాతది పెట్టండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

"అందరూ అలవాటు పడ్డారు మేడమ్."

"నేను పడను."

మొండిది అనుకున్నాడతను. కోపమైతే నాలుగు రోజులకు తగ్గేది. ఆమెది బెంగ. పొద్దున్నే వచ్చి తెర తెరిస్తే ఆయన జాడ లేదు.

ఒకరోజు పాత అలవాటు కొద్దీ, సగం టైపు చేసిన తొందర రిపోర్టును గడియారం పక్కకు జరిపి ఇంటికెళ్లిపోయింది. తన తెర మీద. అది ఆయనకెలా కనిపిస్తుంది? పేషెంటు తాలూకు వాళ్లు వచ్చి కౌంటర్ మీద పడ్డారు, తిట్లు తిన్నది నేను. మర్నాడు సెంటర్ నడిపే డాక్టరుగారు ఇద్దరినీ పిలిచి కడిగేశారు. ఇకమీదట సగం రిపోర్టులు పెన్‌డ్రైవ్‌లో వేసి చేతికివ్వాలి, ఏది ఎంతవరకొచ్చిందో నోటితో చెప్పాలి అన్నారు.

అలా సాయంత్రం సార్ ముందే రావడం మొదలైంది. స్టూలు లాక్కుని అక్క పక్కన కూర్చునేవాడు. మొదట్లో వెన్నెముకలూ కిడ్నీలూ తప్ప వేరే మాట లేదు.

"ఈ గడులు మీకేమైనా అర్థమవుతున్నాయా?" అని ఒకరోజు ఆయనే అడిగాడు.

"నా మొహం. మీకో?"

"నిన్న ఆపేసే మీట ఎక్కడుందో దొరక్క, తీగ పీకేసి ఇంటికెళ్లాను."

అక్క నవ్వింది. ఆ గదిలోంచి ఆమె నవ్వు వినడం నాకదే మొదలు.

తర్వాత ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు. బాణాన్ని మూలకు తీసుకెళ్తే ఆపేసే మీట ఉన్న పట్టీ బయటికొస్తుందని ఆమె కనిపెట్టింది. గడులను నచ్చినట్టు జరుపుకోవచ్చని ఆయన కనిపెట్టాడు. రిపోర్టులయ్యాక, "ఇవాళ మీకెలా గడిచింది?" అని ఆయన అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్న కోసం మొహం వాచిపోయి ఉన్న మనిషి, జవాబు చెబుతూ చెబుతూ బస్సు పోగొట్టుకునేది. గడులను తిట్టడం ఎప్పుడు మానేసిందో నేనూ గమనించలేదు.

సరిగ్గా అప్పుడు మెకానిక్ ఊడిపడ్డాడు, మొహం వెలిగిపోతూ.

"మీ పోరు ఫలించింది మేడమ్. కంపెనీవాళ్లు దిగొచ్చారు, స్టార్ట్ బటన్ మళ్లీ ఇచ్చారు. మీరు ఊఁ అంటే మునుపటిలా ఇద్దరికీ ఒకే తెర చేసేస్తాను. డాక్టరుగారు మీ ఇష్టమన్నారు. ఇక ఒకరికోసం ఒకరు కాచుకునే బాధ తప్పుతుంది."

అద్దంలోంచి చూశాను. అక్క వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"వద్దు," అంది.

"ఇన్నాళ్లూ నా ప్రాణం తీసింది మీరేగా?"

"నేనే. ఇప్పుడు వద్దంటున్నాను. ఇదే బాగుంది." ఇంకొక్క మాట అడిగితే ఏడ్చేసేలా ఉంది.

మెకానిక్ సంచి సర్దుకుంటూ విసుక్కున్నాడు. "ఏం మనుషులండీ మీరు. నిన్న ఆయన్నడిగితే ఆయనా ఇంతే. ఆవిడ దగ్గర ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉంది, ముట్టుకోవద్దు అని ఒకటే బతిమాలడం."

అతను వెళ్లిపోయాడు. కాసేపటికి అక్క తలుపు తీసుకుని నా దగ్గరికొచ్చి నిలబడింది.

"టైమెంతయింది?" అని అడిగింది.

చెప్పాను. అప్పటికింకా మధ్యాహ్నం కూడా కాలేదు.