మబ్బులాయన రంపం

టైర్ల షాపుకి బోర్డు రాయమంటే టైరు వెనకాల మబ్బులు వేసేవాడు. పళ్ల డాక్టరు బోర్డు మీద పన్ను వెనకాల మబ్బులు. తాళాల కొట్టు, పిండిమర, స్కూలు గోడ, ఎక్కడ చూసినా అక్షరాల వెనకాల అదే లేత నీలం ఆకాశం, అందులో పనీపాటా లేకుండా తిరిగే తెల్లటి మబ్బులు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వేసిపెట్టేవాడు కాబట్టి ఎవరూ వంక పెట్టలేదు గానీ, అసలు పేరు మర్చిపోయి మబ్బులాయన అనేశారు. పేరుకి తగ్గట్టే మనిషి సగం ఇక్కడ, సగం ఇంకెక్కడో. ఒకసారి బట్టల షాపతను పిలిస్తే వెళ్లి, నిచ్చెన వేసుకుని, సాయంత్రం దాకా ఒళ్లు మరిచి పక్క షాపు గోడ నిండా ఆకాశం వేసి దిగాడు. పక్క షాపతను బయటికొచ్చి కాసేపు చూసి, బావుంది ఉండనీ అన్నాడు. బట్టల షాపతను మాత్రం చాలాకాలం మాట్లాడలేదు.

ఆయన భార్య ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో పనిచేసి రిటైరయింది. వీధి వీధంతా ఆవిడని నర్సమ్మ అంటుంది. ఇద్దరూ కలిసి నడిచి వెళ్తుంటే చూసి తీరాలి. ఆయన చూపు పైన, ఆవిడ చూపు కింద, ఆయన కాళ్ల దగ్గర. “గుంట,” అనేది ఆవిడ. ఆయన తల దించకుండానే పెద్ద అడుగు వేసేవాడు. “మెట్టు,” అనేది. ఎక్కేవాడు. “బురద,” అంటే పక్కకి తప్పుకునేవాడు, కళ్లు మాత్రం ఏ మేడ చివరో ఏ పిట్ట దగ్గరో ఉండేవి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఇంట్లో పొయ్యి ఆయన వెలిగించకూడదు. కూరగాయల చాకు ఎక్కడుంటుందో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. కంటికి రెప్పలా చూసుకోవడమంటే ఇదీ అని చుట్టాలు మెచ్చుకునేవాళ్లు. ఆయనా మొన్నమొన్నటి దాకా హాయిగానే ఉన్నాడు.

అలాంటి మనిషికి ఈ వయసులో చైన్ రంపం కొనాలని బుద్ధి పుట్టింది.

వెనక పెరట్లో పెద్ద మల్బరీ చెట్టు ఉంది. గాలివానకి దాని లావుపాటి కొమ్మ ఒకటి విరిగి, మొదలు చెట్టునే పట్టుకుని వేలాడుతూ, తల ప్రహరీ గోడ మీద పెట్టుకుని అడ్డంగా పడిపోయింది. ఎండిన ఆకుల గుబురు పెరటి మీద పందిరిలా కప్పేసింది, మధ్యాహ్నం కూడా వంటింట్లో దీపం వేసుకోవాల్సి వస్తోంది. చెట్లు కొట్టేవాళ్లని పిలిస్తే వచ్చి, చుట్టూ తిరిగి, చెట్టుని మొదలంటా తీసేద్దాం, మళ్లీ మళ్లీ బాధ ఉండదన్నారు. మబ్బులాయనకి ప్రాణం ఉసూరుమంది.

“చెట్టుకి చెయ్యి విరిగింది, అంతేగా. చెయ్యి విరిగితే మీ ఆసుపత్రిలో మనిషిని పాతిపెట్టేవాళ్లా?” అని భార్యని నిలదీశాడు.

నర్సమ్మ వాళ్లని పంపించేసింది. బోర్డుల చెక్కలు కోసుకునే చేతి రంపంతో ఆయన ఒక పూటంతా కుస్తీ పట్టాడు. కొమ్మ చలించలేదు, భుజం మాత్రం వాచింది. నర్సమ్మ దానికి కాపడం పెడుతుంటే అసలు మాట బయటపెట్టాడు.

“చిన్న మిషన్ రంపం కొనుక్కుందాం. ఏడాదికి ఒకటి రెండుసార్లు తీస్తే చాలు. చెట్టూ ఉంటుంది, వెలుతురూ ఉంటుంది.”

నర్సమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. “ఎవరు కోస్తారు?”

“నేనే.”

“మీరా!”

ఆ ఒక్క మాట ఆయనకి వాచిన భుజం కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఆవిడ కళ్ల ముందు కట్లు కట్టిన చేతులన్నీ తిరుగుతున్నాయని తెలుసు. అయినా, ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి ఒక్క పదునైన వస్తువైనా నమ్మి తన చేతికి ఇవ్వలేదన్న సంగతి ఆ పూటే కొత్తగా తెలిసినట్టు ఉలిక్కిపడ్డాడు. కొమ్మ సంగతి అటుంచి, ఆవిడ చేత నమ్మానని అనిపించుకోవాలని పట్టుదల వచ్చింది. రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మబ్బుల కేసి కూడా చూడలేదు. అది చూసి నర్సమ్మకే భయం వేసింది.

“సరే,” అంది చివరికి. “రంపం నేను చూసి కొంటాను. కోసేటప్పుడు ఎదురుగా కూర్చుంటాను. మీ మీద నుంచి కళ్లు తీయను. ఇష్టమైతే పదండి.”

మోటార్లూ పంపులూ అమ్మే షాపతనికి హుషారెక్కువ. వీళ్లు కూర్చునేలోపే పెద్ద పెట్రోలు రంపం దించి, తాడు లాగి, షాపు అదిరిపోయేలా మోగించాడు.

“అంకుల్, దీంతో అడవి కొట్టేయొచ్చు!”

“మాకు అడవి వద్దు నాయనా, ఒక్క కొమ్మ చాలు,” అంది నర్సమ్మ. “ఇది ఏడాదంతా మూలన పడుంటే ఏమవుతుంది?”

అతను నీళ్లు నమిలాడు. పెట్రోలు అలాగే వదిలేస్తే పాడవుతుందనీ, లోపల జిడ్డు కడితే ఒక పట్టాన స్టార్టవదనీ, ఆయిలు కొలిచి కలపాలనీ ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు. మబ్బులాయన భుజం తడుముకున్నాడు. అయితే కరెంటుది చూడండి, తేలిగ్గా ఉంటుంది, వైరు తగిలిస్తే చాలు అన్నాడు షాపతను.

“వైరు వెనకాలే వేలాడుతుందా?”

“అవునమ్మా.”

“వద్దు. ఈయన మొదట దాన్నే కోస్తారు.”

మబ్బులాయన మొహం వాల్చేశాడు. షాపతను నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లి బ్యాటరీది తెచ్చాడు. చేతికి అమరేంత బరువు, గొలుసు తిరిగే ముందు పలక కూడా పొట్టిగానే ఉంది. గొలుసు అరిగినా తెగినా ఇక్కడే దొరుకుతుందన్నాడు, రిపేరు మేమే చేస్తామన్నాడు, నూనె మాత్రం చూసుకుంటూ ఉండమన్నాడు. నర్సమ్మ అన్నిటికీ తల ఊపి తన ప్రశ్న అడిగింది.

“వేలు వదిలితే ఎంతలో ఆగుతుంది?”

అతను తెల్లబోయాడు. “అందరూ ఎంతలో కోస్తుందని అడుగుతారమ్మా.”

“నేను అందరి చేతులకీ కట్లు కట్టి వచ్చినదాన్ని.”

షాపు వెనక ఒక దుంగ ఉంది. మబ్బులాయన రెండు చేతులా రంపం పట్టుకున్నాడు. బొటనవేలితో ఒక మీట నొక్కి, చూపుడువేలితో ఇంకొకటి లాగితే గానీ గొలుసు తిరగదు. తిరిగింది. దుంగలో దిగింది. పసుప్పచ్చటి పొట్టు చినుకుల్లా రాలుతోంది, పచ్చి చెక్క వాసన ముక్కుకి తగిలింది, కోసిన చోట వలయం లోపల వలయం, దాని లోపల ఇంకొకటి, అన్నీ కలిసి మెల్లగా ఎటో కదిలిపోతున్నట్టు అనిపించింది. ఈ రంగు పొద్దు వాలేటప్పటి మబ్బు అంచుకి వేస్తే, అనుకున్నాడు. కొంచెం తెలుపు కలపాలి, కొంచెం...

తేరుకునేసరికి చుట్టూ నిశ్శబ్దంగా ఉంది. వేలు ఎప్పుడో వదులైపోయింది. గొలుసు ఆగిపోయి ఉంది. షాపతను ఆయన మొహంలోకి వింతగా చూస్తున్నాడు. అయిపోయింది, ఇక ఈ జన్మకి తన చేతికి రంపం రాదనుకున్నాడు మబ్బులాయన.

“ఇదే ఇవ్వు నాయనా,” అంది నర్సమ్మ.

దారంతా ఆయన ఉబ్బితబ్బిబ్బవుతూ నడిచాడు. రెండు గుంటలూ ఒక మెట్టూ దాటాక అడిగాడు. “ఎందుకు ఒప్పుకున్నావు?”

“మీరు ఎటో వెళ్లిపోయారు, అది ఆగింది. మీరెలాగూ మారరు. రంపమైనా మీకు తగ్గట్టు ఉండాలి కదా.”

సంతోషం అక్కడికక్కడే చప్పబడింది. అంటే ఈవిడ నమ్మింది రంపాన్ని, తనని కాదు.

మర్నాడు ఎండ ఏటవాలుగా పడే వేళ పని మొదలైంది. ఆయనకి బూట్లు, దళసరి ప్యాంటు, చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు, అన్నీ నర్సమ్మే తగిలించింది. పదడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, కట్ల డబ్బా ఒళ్లో మూత తీసి పెట్టుకుని, పరీక్ష హాల్లో మాస్టారులా కూర్చుంది. కళ్లు ఆయన చేతుల మీద నాటేసింది.

ఆయన చివర్ల నుంచి మొదలుపెట్టాడు. సన్నటి రెమ్మలు, తర్వాత మణికట్టంత కొమ్మలు. ఒక ముక్క కోసి వేలు వదిలేవాడు, గొలుసు ఆగేది, తల తిప్పి చూసేవాడు. ఆవిడ కళ్లు అక్కడే ఉండేవి. ఇంకో ముక్క కోసి చూసేవాడు. అక్కడే ఉండేవి. ఉక్రోషం వచ్చింది. చూడు, ఎంతసేపు చూస్తావో చూడు అనుకుని, గొలుసు తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు కోసుకుంటూ పోయాడు. మబ్బుల ఊసే రాలేదు. వలయాలు వచ్చాయి, పచ్చి వాసన వచ్చింది, పొట్టు బంగారంలా రాలింది. ఆయన ఎటూ వెళ్లలేదు. అలా ఉండగలనని ఆయనకే తెలియదు. గోడ మీద పడుకున్న కొమ్మంతా ముక్కలుగా నేల మీదికి దిగింది, చివరికి చెట్టుకి అంటుకున్న లావుపాటి మొదలొక్కటీ మిగిలితే నెమ్మదిగా, రెండు చేతులా పట్టి, అదీ తెగేదాకా కోశాడు. అది దభీమని పడింది. ఒక దుమ్ము తెర లేచి అణిగింది.

గెలిచినట్టు తల తిప్పాడు.

ఆవిడ చూడటం లేదు.

ఆవిడకి కళ్లు తిరిగాయేమోనని రెండడుగులు వేసి ఆగిపోయాడు. నర్సమ్మ తల వెనక్కి వాల్చి పైకి చూస్తోంది. ఇన్నాళ్లూ కొమ్మా ఆకులూ కప్పేసిన చోట ఆకాశం తెరుచుకుంది. లేత నీలం. అందులో ఒక తెల్లటి మబ్బు, తొందరేం లేకుండా, చెట్టు మీదుగా వెళ్తోంది. ఆవిడ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఒళ్లో కట్ల డబ్బా ఎప్పుడు మూసిందో మూసేసి ఉంది. ఆయన ఎన్నో గోడల నిండా వేసినా ఆవిడ ఎన్నడూ తలెత్తి చూడలేకపోయిన ఆకాశం అదే. చూసే తీరికేది, ఆయన కాళ్లు చూసుకోవాలి కదా.

తన చేతుల కేసి చూడటం ఎప్పుడు మానేసిందో అడగాలనిపించింది మబ్బులాయనకి. చప్పుడు కాకుండా బ్యాటరీ ఊడదీసి, రంపం గోడ వారగా పెట్టాడు.

“ఎంత తెల్లగా ఉందండీ,” అంది ఆవిడ తనలో తాను అనుకున్నట్టు. పైకి చూస్తూనే డబ్బా పక్కన పెట్టి లేచింది, చూస్తూనే నాలుగడుగులు అటు వేసింది. పెరడంతా కోసిన ముక్కలు పడి ఉన్నాయి.

ఆయన గబగబా వెళ్లి మోచెయ్యి పట్టుకున్నాడు.

“కొమ్మ,” అన్నాడు.

నర్సమ్మ తల దించకుండానే పెద్ద అడుగు వేసి దాటింది.