మా ఆడపడుచు పేరుకి దగ్గరగా ఉంటుందండీ

మొన్న మా ఆయన్ని కంటి పరీక్షకని ఏలూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, కౌంటరులో అమ్మాయి తలెత్తకుండానే "భర్త పేరు చెప్పండి మేడమ్" అంది. అరవై దాటిన నేను, ఇరవై ఏళ్ళు కంప్యూటరు ముందే గడిపిన నేను, ఆయన పేరు పలకలేక సంచీలోంచి కార్డు తీసి ముందుకు తోసి, నవ్వొచ్చి తల తిప్పుకున్నాను. మీలోనూ ఇలా కార్డు తోసేవాళ్ళు ఉంటారని నాకు తెలుసు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ మండవల్లి ఆవిడ. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక తాడేపల్లిగూడెంలో కంప్యూటరు కోర్సు నేర్చుకుని, ఏలూరులోనే మరో పెద్దాసుపత్రిలో విచారణ కౌంటరు ఉద్యోగంలో చేరాను. రోగుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టేవారు కనుక, ఉన్న మనిషిని కూడా లేడనే చెప్పేది మా కంప్యూటరు. అందుకని కోర్సులో నేర్చుకున్న, పేర్లు వెతికిపెట్టే క్వెరీ ఒకటి పెట్టాను. అది పేరులో మొదటి అక్షరం ఉంచుకుని, అచ్చులు వదిలేసి, దగ్గర దగ్గరగా పలికే హల్లులకి ఒకే అంకె ఇచ్చి, అంకెలు కలిసిన పేర్లన్నీ తెచ్చి ముందు పెడుతుంది. ఒకణ్ణి అడిగితే ఊరందర్నీ పిలుచుకొస్తోందని తోటివాళ్ళు ఆటపట్టించేవారు, సూపరింటెండెంటు గారైతే సోమవారానికల్లా తీసేయమన్నారు. నాకు మహా ఉక్రోషంగా ఉండేది.

ఆ శనివారం మధ్యాహ్నం, వానలో తడిసిన చీరతోనే మండవల్లి బస్సు దిగి వచ్చిందావిడ. భర్త చేపల చెరువు గట్టు మీద జారిపడి తలకి దెబ్బ తగిలితే, పక్క చెరువు వాళ్ళు ఉదయమే ఆటోలో ఇక్కడికి తెచ్చేశారట. మనిషి ఎలా ఉన్నాడో ఆవిడకి తెలియదు. మా పట్టికలో అప్పటికి పేరు, వార్డు తప్ప ఇంకేమీ లేవు. పేరడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది గానీ చెప్పదు. వరసలో వెనకున్నవాళ్ళు విసుక్కున్నారు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు కదా, ఆ పూట అసలే పలకలేకపోయిందావిడ. నేనూ ఆ బాపతే కనుక అర్థమై, తొందరపెట్టలేదు. చివరికి కౌంటరు మీదికి వంగి గుసగుసగా అంది, "మా ఆడపడుచు పేరు వెంకమ్మండీ. ఆయనదీ దానికి దగ్గరగానే ఉంటుందండీ."

వెంకమ్మ అని కొట్టాను. 'మ'కీ 'న'కీ నా క్వెరీలో ఒకటే అంకె. ఇద్దరు వెంకమ్మలతో పాటు, మగవాళ్ళ వార్డులో ఒకే ఒక్క వెంకన్న వచ్చాడు. పైకి చదివితే, ఆవిడ తల దించుకుని ఔనన్నట్టు ఊపింది.

నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. వార్డు గుమ్మంలో నిలబడి ఆవిడ "ఏవండీ" అని పిలిచేసరికి, మంచాల మీద మగాళ్ళందరూ, ఒంటి నిండా కట్లున్నవాళ్ళు కూడా, ఒక్కసారి తలెత్తి చూశారు. మూల మంచం మీద తలకి కట్టుతో అటు తిరిగి పడుకున్నాయన మాత్రం, ఇటు తిరగకుండానే, "బస్సు దొరికిందా?" అన్నాడు. ఆవిడ ఏడుస్తూ నవ్వింది, వార్డంతా నవ్వింది, నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ కబురు సూపరింటెండెంటు గారి దాకా వెళ్ళినట్టుంది, సోమవారం నన్నెవరూ ఏమీ తీసేయమనలేదు.

ఇప్పుడంతా పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. మా కోడలు మా అబ్బాయిని పేరుతో పిలుస్తుంటే ముద్దుగానే ఉంటుంది, తప్పని నేననను. కానీ మొన్న పరీక్ష అయ్యాక, కిక్కిరిసిన ఆ హాల్లో మా ఆయన ఎక్కడ కూర్చున్నారో కనబడక, కాస్త గట్టిగానే "ఏవండీ" అని పిలిచాను. అంతమంది మగాళ్ళలో ఒక్క మా ఆయనే తలెత్తారు.