నాయిన గీసిన నీటి గీత

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా నాయిన బొంబాయిలో మేస్త్రీ పని మానేసి ఊరికి వచ్చాడు. వచ్చి ఊరకుండక ఒక పాత ఫైబర్ పడవ కొన్నాడు. ఊరు కృష్ణ ఒడ్డునే ఉన్నా మా ఇంటావంటా పడవ లేదు. మేం గోడలు కట్టేవాళ్లం.

అమ్మకు నీళ్లంటే హడల్. బిందెలో ఉన్నంతవరకే నీళ్లను నమ్మేది. కానీ ఆమె అక్కను ఇచ్చింది నది అవతలి ఊరికి. రోడ్డున పోతే బస్సులు మారి మారి పొద్దంతా పడుతుంది. మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి అమ్మ ఆ ప్రయాణమే మానుకుంది. అక్కడ పెద్దమ్మ ఫోనులో ఏడిస్తే ఇక్కడ అమ్మ ఏడ్చేది.

"పడవల తీస్కపోత" అన్నాడు నాయిన. పడవను ట్రాక్టర్ ట్రాలీ మీద ఇంటి ముందుకు తెప్పించాడు. అడుగున పట్టిన పాచి గీకి, ఉప్పుకాగితం పెట్టి రుద్ది, తోకవైపు ఒకసారి, ముక్కువైపు ఒకసారి ఇటుకలు పెట్టి లేపుతూ కిందంతా ఎర్రరంగు వేశాడు. పైన నీలం. రెండింటి మధ్య తెల్ల గీత రావాలి.

"నీళ్లు గా గీత దాక్కనే వస్తయి. అంతకు మించి మునగదు" అని అమ్మకు చెప్పాడు.

"గీత మీద నీళ్లు సక్కగ నిలబడితెనే ఎక్కుత. లేకుంటె నన్ను అడగొద్దు" అంది అమ్మ.

ఇక చూడాలి మా నాయిన పట్టుదల! పడవ నడుమ పాత నీటి మరక ఉన్న చోట ముందే మేకుతో గుర్తు పెట్టుకున్నాడు. గోడకు లెవెల్ చూసే నీళ్ల పైపు తెచ్చి ఒక కొస నా చేతికిచ్చాడు. పండక్కి పుట్టింటికి వచ్చిన నన్ను రోజంతా పడవ చుట్టూ తిప్పాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోలేదు. మేడకు కూడా అంత సూటిగా కొట్టి ఉండడు గీత.

మర్నాడు పెద్దమ్మను అవతలి ఒడ్డుకు రమ్మని ఫోన్ చేసి, నాయిన పడవను నీళ్లలోకి దింపాడు. ముక్కు దగ్గర గీత పూర్తిగా మునిగిపోయింది. తోక దగ్గర జానెడు పైకి తేలింది.

"నీళ్లే వంకరగున్నయి" అన్నాడు నాయిన.

"ఆడలేక మద్దెల ఓడంటె గిదే" అంది అమ్మ. కాసేపు గీతను పరీక్షగా చూసి, "అవునుగని, ముక్కు కింద ఇటుకలు తీసినంక గీసినవా, తీయకముందే గీసినవా?" అని అడిగింది.

నాయిన తల గోక్కున్నాడు. పైపు పట్టిన నాకూ ఆ ఇటుకల సంగతి తట్టలేదు మరి! నేను బురదలో కూలబడి నవ్వాను. అమ్మ కడుపు పట్టుకుని నవ్వుతూ, నిలబడలేక పడవ అంచు మీద కూర్చుంది.

"ఎక్కినవ్!" అని అరిచాడు నాయిన.

"ఎక్కలే. కూసున్న."

ఆ నవ్వులోనే కాళ్లు లోపలికి తిప్పుకుంది. "నేను ఎనకకు కూసుంటె నీ గీత సక్కగైతదా?" అంటూ తోకవైపు జరిగింది. గీత కాస్త దిగింది. "నువ్వు గూడ రా పిల్లా" అని నన్ను లాగింది. నాయిన వచ్చి తోకకు బిగించిన మోటారు దగ్గర కూర్చునేసరికి గీత దాదాపు నీళ్లకు సమమైంది. నాకు సంతోషంతో ఒళ్లు తేలిపోయింది.

నడి కృష్ణలోకి వచ్చేసరికి అమ్మ నవ్వు ఆగింది. నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. అది చూసి నాయిన మోటారు నెమ్మది చేశాడు.

"భయమైతాందా? వాపస్ పోదామా? గీత సక్కగ గీసినంకనే పోదాం."

అమ్మ ఆయన వైపు చూడలేదు. అవతలి ఒడ్డున ఎవరో కొంగు ఊపుతున్నారు.

"గీత రేపు గీసుకో" అంది. "జర జల్ది నడుపు. అక్క ఎండల నిలబడ్డది."