రోజూవాళ్ల బల్ల

ఎగ్గెర్ట్ దక్షిణ జర్మనీలో బాంబెర్గు ఊళ్లో ఇల్లు కొన్నాడు, ఇక్కడి బళ్లోనే భూగోళం చెప్పి రిటైరయ్యాడు, శ్మశానంలో చోటు కూడా మాట్లాడుకున్నాడు. అయినా ఊరి లెక్కలో ఆయన ఉత్తరాది నుంచి దిగిన చుట్టమే. ఇందుకాయనకు బాధేమీ లేదు. ఉందని ఒప్పుకుంటే గదా!

చిక్కల్లా వాళ్లక్క వీబ్కెతో వచ్చింది. కొండ కింద బీరుశాలలో పొయ్యి పక్కన రోజూవాళ్ల బల్ల ఒకటుంది. అక్కడ కొత్తవాడు కూచుంటే ఎవరూ తిట్టరు, మాట్లాడటం మానేస్తారు, అంతే. ఆ బల్ల దగ్గర తనకూ ఓ కుర్చీ ఉందని ఎగ్గెర్ట్ ఫోనులో అక్కకు కోశాడు. కోతలకు కరువేముంది? ఇప్పుడు ఆ కుర్చీ చూస్తానని అక్క సముద్రపొడ్డు నుంచి రానే వచ్చింది.

నడిపించి నడిపించి అలసిపోయేలా చేస్తే ఆ మాటే మరిచిపోతుందనుకున్నాడు. ఏటి మధ్యలో నిలబడ్డ పాత టౌనుహాలు చూపించాడు, కొండెక్కించాడు, పెద్ద చర్చిలో రాతి గుర్రం ముందు నిలబెట్టాడు.

"ఎవర్రా ఈ రౌతు?"

"ఎవరికీ తెలీదక్కా."

ఊరూ పేరూ తెలియనివాడికి వందల ఏళ్లుగా చోటిచ్చారు, ఇంటిపన్ను కట్టేవాడికి కుర్చీ ఇవ్వరు అనుకున్నాడు ఎగ్గెర్ట్, రాతిమనిషి మీద అసూయపడుతూ. తనకే నవ్వొచ్చింది.

"అలసిపోయింది నువ్వేరా. పద, నీ కుర్చీలోనే కూచుందువుగాని" అంది అక్క.

బీరుశాలలో ఆయన నోరు తెరిచేలోగా ఆమె తిన్నగా పొయ్యి దగ్గరికెళ్లింది.

"మావాడి కుర్చీ ఏదండీ?"

బల్ల మూగబోయింది. పీపాలు కట్టి ముసలివాడైన కిలియాన్ ఎగ్గెర్ట్‌ను ఎగాదిగా చూశాడు. భూగోళం మాస్టారికి భూమ్మీద దాక్కునే చోటు ఒక్కటీ గుర్తు రాలేదు. ఇక్కడి మర్యాద ప్రకారం పలకరింపుగా వేళ్ల కణుపులతో బల్లమీద తట్టాడు. బదులుగా ఎవరూ తట్టలేదు.

అక్క ఇవేవీ పట్టించుకోకుండా కూచుని, పొగబెట్టిన ధాన్యంతో కాచే ఈ ఊరి పొగబీరు తెప్పించుకుంది. ఒక్క గుక్క వేసి మొహం చిట్లించింది.

"ఛీ! చేపలు కాల్చిన గది కడిగిన నీళ్లలా ఉంది."

ఎగ్గెర్ట్ కళ్లు మూసుకున్నాడు. పక్కనున్న పంక్రాజ్ తాత పొట్ట ఊగేలా నవ్వాడు.

"మూడో గ్లాసుకి నచ్చుతుందమ్మా."

"మావాడు ఇన్నేళ్లుగా తాగుతున్నాడుగా! చూడండి ఆ మొహం, ఆముదం తాగినట్టు."

"మాకు తెలీదా? గుక్కగుక్కకీ 'ఆహా' అంటాడు మాస్టారు. ఈ ఊళ్లో పుట్టినవాడెవడూ ఆహా అనడమ్మా. మరీ బాగుంటే 'పర్లేదు' అంటాం" అన్నాడు తాత.

ఇంతలో కైమా కూరిన ఉల్లిగడ్డ వచ్చింది, పైన పొగబీరు పులుసుతో. అక్క సగం తిని మూతి తుడుచుకుంది.

"పర్లేదు."

"విన్నారా మాస్టారూ? మీకు ఇన్నేళ్లయినా రాని మాట!" కిలియాన్ పక్క ఖాళీ కుర్చీ మీది తన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కూచోండి. ఈవిడ ఉన్నంతసేపు."

ఎగ్గెర్ట్ కూచున్నాడు. కోట్లు తగిలించే కొక్కెం కింద కుర్చీ అది. వచ్చేపోయే ప్రతివాడి తడికోటూ ఆయన నెత్తిని నిమిరింది. ఆయనకు సింహాసనంలాగే ఉంది.

"అక్కా, రేపు కూడా వద్దామా?" అన్నాడు గుసగుసగా.

"నువ్వు రా. నాకీ బీరొద్దు."

"నేనొక్కణ్నే వస్తే ఎక్కడ కూచోవాలక్కా?"

"పక్క బల్ల దగ్గర" అంది అక్క, ఉల్లిగడ్డ రెండో సగం దగ్గరికి లాక్కుంటూ. "ఆహా అనకుండా, నోరు మూసుకుని."