అత్తయ్యకు అందని నా కొత్త గొంతు

ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపులో కౌంటరు దగ్గర పని చేస్తాను. పక్క షెడ్డులో పొద్దస్తమానం రేకులు కొడుతుంటారు. ఆ మోతలో అరిస్తేగానీ ఎదుటి మనిషికి వినపడదు. అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. ఆడదాన్నని తెలియక ఫోన్లో నన్ను అందరూ "సార్" అనేవాళ్లు. డాక్టరుగారు గొంతులోకి కెమెరా దించి చూసి, "స్వరపేటికలో చిన్న బుడిపె ఉందమ్మా. కేన్సరు కాదు, ప్రాణానికేం భయం లేదు. గొంతు బాగుపడాలంటే తీసేద్దాం" అన్నారు. తీయించుకుందామని నేనే అన్నాను.

మా అత్తయ్యకు చెవుడు. మామయ్యగారు పోయాక చల్లపల్లి నుంచి మా దగ్గరికి వచ్చేశారు. మా ఆయనది సన్న గొంతు, పైగా గబగబా మాట్లాడతారు. కొడుకు మాటలు ఆవిడకు సగమే అందేవి. నావి మాత్రం అరవకుండానే అందేవి. సాయంత్రం సీరియల్ వస్తుంటే పక్కన కూర్చుని ఒక్కో మాటా తిరిగి చెప్పేదాన్ని. "వాళ్లు గొణుక్కుంటారే అమ్మాయ్. నువ్వు చెబితేనే నాకు కథ" అనేవారు.

ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మాట్లాడకూడదన్నారు. ఆ సంగతి మా ఆయనే వాళ్లమ్మకు చెప్పారు గానీ, ఆవిడకు ఏం అర్థమైందో. ఒకరోజు చిక్కుడుకాయలు తుంచుతూ, "నా మీద కోపమేమన్నా వచ్చిందా?" అని అడిగారు. గొంతు చూపించి తల అడ్డంగా ఊపాను. సరేనన్నారు గానీ ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

మాట్లాడొచ్చని డాక్టరుగారు చెప్పాక మొదట పిలిచింది ఆవిడనే. "అత్తయ్యా!" సన్నగా, తేటగా వచ్చింది. నాకే ముచ్చటేసింది. ఆవిడ తిరిగి చూడలేదు. దగ్గరికెళ్లి మళ్లీ పిలిచాను. నా పెదాలు చూసి, "ఇంకా మాట రాలేదా తల్లీ?" అన్నారు.

బొంగురు గొంతు ఆవిడకు అందేది. ఈ సన్న గొంతు అందదు. షాపులో అందరూ గొంతు బాగుందంటుంటే లోపల ముల్లులా గుచ్చుకునేది. ప్రాణం మీదికొస్తే తప్పదు. నేను చేయించుకున్నది నలుగురిలో నామోషీ పడలేక.

సీరియల్ టైముకి ఆవిడ బాల్కనీలోకి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టారు. చూడలేక ఒక సాయంత్రం గొంతు నొక్కిపెట్టి, పాత బొంగురు తెచ్చి పిలిచాను. చటుక్కున తిరిగారు. ఆ ముఖంలో వెలుగు చూశాక ఇక మానలేకపోయాను. ఎవరికీ చెప్పకుండా రోజూ అలాగే కథ చెప్పాను. గొంతు మంట పుట్టేది.

స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి నాలుగు మాటలు వినగానే పట్టేసింది. "బలవంతంగా మాట్లాడుతున్నారు కదండీ. ఇలాగైతే బుడిపె మళ్లీ లేస్తుంది."

ఆ రాత్రి మా ఆయనకు చెప్పేశాను. "అమ్మ చెవి సంగతి నేను చూసుకోవాల్సింది. నీ గొంతుంది కదా అని ఊరుకున్నాను" అన్నారు. మర్నాడు సెలవు పెట్టి తల్లిని చెవి డాక్టరుకు చూపించారు.

చెవి మిషను పెట్టుకుని ఇంటికొచ్చాక, "కాఫీ తాగుతారా అత్తయ్యా?" అన్నాను. ఆవిడ ఉలిక్కిపడి వంటింటి వైపు చూశారు.

"ఎవరే వచ్చింది?"

"నేనే. గొంతులో బుడిపె తీశారు కదా, ఇప్పుడిలా ఉంది."

ఇంకోమాటు మాట్లాడమన్నారు. మాట్లాడాను. చాలాసేపు విన్నారు. "చిన్నపిల్ల గొంతులా ఉందే. బాగుంది" అని, కాస్త ఆగి, "ఆ గొంతు ఇక రాదా?" అన్నారు.

"రాదండీ. మొన్నటిదాకా గొంతు నొక్కిపెట్టి తెచ్చాను, మంట పుట్టేది."

"పోనీలే. ఇన్నాళ్లూ నొప్పితోనే నాకు కథలు చెప్పావన్నమాట" అన్నారు. తిడితే తేలిగ్గా ఉండేది. ఆవిడ నా మెడ మీద చెయ్యి వేసి నిమిరారు.

మిషను పెట్టుకుంటే తల దిమ్మెక్కుతుందంటారు. రోజంతా తీసి డబ్బాలో పెట్టేస్తారు. సీరియల్ టైముకి మాత్రం తగిలించుకుని, టీవీ మాటలు ఇప్పుడు సూటిగానే అందుతున్నా, నన్ను పక్కన కూర్చోమంటారు. ఆవిడకు విసుగొచ్చేదాకా నెమ్మదిగా చెబుతాను. నా గొంతు నాకు తేటగా వినపడుతూనే ఉంటుంది. దానికి సంతోషించడం మాత్రం ఇంకా చేతకావడం లేదు.