చెల్లెలుండగా లివర్‌కేం భయం

మా అన్నయ్యకు ఏదీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పకూడదు. తొక్కతో సహా మింగేస్తాడు.

నేను వెల్లింగ్టన్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. మూలకణాలను ద్రవంలో పెంచి, అవి అందులోకి వదిలే ఎక్సోసోమ్‌లనే అతి చిన్న బుడగలను వేరుచేసి, లివర్ దెబ్బతిన్న ఎలుకలకు ఎక్కిస్తాం. ఆ బుడగలు మోసుకొచ్చే కబురు అందుకుని లివర్ కోలుకుంటుందేమో చూస్తాం. టకానిని అనే వేరే ఊళ్లో ఉండే అన్నయ్య ఓసారి ఫోన్లో దీని గురించి అడిగాడు.

"పప్పు పక్కన పెట్టి, కట్టుతో చారు కాచుకుంటాం చూడూ, అలాగన్నమాట. కణాలు కాదన్నయ్యా, ఆ నీళ్లలోనే ఉంది మందు" అన్నాను. తెగ మురిసిపోయాడు.

అప్పటికే వాళ్ల డాక్టరు, బీరు మానకపోతే లివర్ గట్టిపడిపోతుందని తేల్చి చెప్పింది. వదిన ఇంట్లో సీసా అన్నది లేకుండా చేసింది. అన్నయ్య కూడా బుద్ధిగానే ఉన్నాడట, నా చారు కథ వినేదాకా.

వేసవి సెలవులకు నేను వెళ్లేసరికి పెరట్లో బార్బెక్యూ ముందు బీరు క్యాన్‌తో నిలబడి ఉన్నాడు. పక్కనున్న స్నేహితుడికి నన్ను గొప్పగా పరిచయం చేశాడు.

"మా చెల్లి. లివర్లు రిపేర్ చేస్తుంది. ఇంట్లో మెకానిక్ ఉండగా బండి ఎలా తోలితే ఏంటి బ్రో!"

"అంతా నీ చలవే తల్లీ" అంది వదిన నాతో. నాకు ఒళ్లు మండిపోయింది. భయం కూడా వేసింది. నాకున్నది ఒక్క అన్నయ్య.

"అది ఇంకా ఎలుకల దగ్గరే ఉందన్నయ్యా. నీదాకా ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో మాకే తెలీదు."

"ఎలుకలకి తగ్గుతోందా లేదా, అది చెప్పు."

"కొన్నిటికి తగ్గుతోంది."

"విన్నావా!" అని స్నేహితుడి వైపు తిరిగి క్యాన్ పైకెత్తాడు. అంతలో ఏదో అనుమానం వచ్చింది. "అవునే, తగ్గిందని మీకెలా తెలుస్తుంది? స్కాన్ తీస్తారా?"

"లివర్ బయటికి తీసి, పల్చగా కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తాం."

"మరి ఎలుక?"

"లివర్ తీసేశాక ఇంకెక్కడి ఎలుక అన్నయ్యా?"

స్నేహితుడు పగలబడి నవ్వాడు. అన్నయ్య నవ్వలేదు. క్యాన్ వంక కాసేపు చూసి, మిగిలిందంతా గడ్డిలో ఒంపేశాడు. గెలిచానని నవ్వబోయాను గానీ, ఏడుపొచ్చేసింది.